కారును ట్రక్కు ఎక్కించే ముందు

మే, జూన్ వచ్చిందంటే అమెరికాలో మనవాళ్ల ఇళ్ల మార్పులు మొదలు. డల్లాస్ నుంచి సియాటిల్‌కో, న్యూజెర్సీ నుంచి బే ఏరియాకో బ్రోకర్ ద్వారా కారు పంపుతుంటే ఇవి చూసుకోండి.

• ట్రక్కు నుంచి కారు దించగానే సంతకం పెట్టేయకండి. గీతలు, సొట్టలు బిల్ ఆఫ్ లేడింగ్‌లో (కారు అప్పగింత రసీదులో) రాయించకుండా సంతకం చేస్తే పరిహారం రావడం చాలా కష్టం. రాత్రి వచ్చినా ఫోన్ లైటుతో చుట్టూ చూడండి. ఎక్కించేటప్పటి ఫొటోలు చేతిలో ఉండాలి.

• మరీ తక్కువ ధరకు లొంగకండి. సాధారణంగా బ్రోకర్‌కు సొంత ట్రక్కు ఉండదు. లోడ్ బోర్డులో (ట్రక్కులవాళ్లు సరుకు వెతుక్కునే సైటులో) పెట్టి, ఒప్పుకున్నవాళ్లకు అప్పగిస్తాడు. తక్కువ రేటుకు ఎవరూ రారు. తీరా అపార్ట్‌మెంట్ ఖాళీ చేసే రోజున ఇంకో రెండు మూడు వందల డాలర్లు అడుగుతారు, అప్పుడు కాదనలేం. ట్రక్కు ఖరారయ్యాకే డిపాజిట్.

• ట్రక్కు కంపెనీ పేరు, యూఎస్‌డాట్ నంబరు (ప్రభుత్వ నమోదు సంఖ్య) అడిగి, ట్రక్కు కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎమ్‌సీఎస్‌ఏ సైటులో సరిచూడండి. కార్గో ఇన్సూరెన్సు పత్రం కూడా తెప్పించుకోండి. బ్రోకర్ చూపించే 75,000 డాలర్ల బాండు (పూచీకత్తు) మీ కారు దెబ్బతింటే పనికిరాదు.

• డిక్కీలో కుక్కర్లు, సూట్‌కేసులు సర్దకండి. ఆ సామానుకు సాధారణంగా ఇన్సూరెన్సు వర్తించదు.

• పికప్ రోజునే విమానం టికెట్ వద్దు. ట్రక్కు ఒకటి రెండు రోజులు అటూఇటూ అవుతుంది.

• టోల్ ట్యాగ్ తీసేయండి, దారిలో టోల్ మీ ఖాతాలో పడొచ్చు.