వెంట్రుకల్లేని పిల్లి: ఒంటిమీద కనిపించే సమస్యలు, కనిపించనివి

స్ఫింక్స్ పిల్లికి బొచ్చు ఉండదు కాబట్టి పని తక్కువ అనుకుని తెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇల్లంతా బొచ్చు ఊడదు, నిజమే. కానీ బొచ్చు ఊరికే ఉండదు. చర్మంలోంచి వచ్చే నూనెను పీల్చుకుంటుంది, ఎండనూ చలినీ ఆపుతుంది, చెవిలో దుమ్ము పడకుండా చూస్తుంది. అది లేనప్పుడు ఆ పనులన్నీ మన చేతికి వస్తాయి. కింద చెప్పిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే.

స్ఫింక్స్ జాతి 1966లో కెనడాలోని టొరంటోలో పుట్టిన ఒక బోడి కూనతో మొదలైంది. దొన్‌స్కోయ్, పీటర్‌బాల్డ్ అనే బోడి పిల్లులు రష్యా జాతులు, వాటి బోడితనానికి వేరే జన్యువు కారణం. ఒంటి సంరక్షణ మాత్రం మూడింటికీ దాదాపు ఒకటే.

సోఫా మీద, దిండు మీద గోధుమరంగు మరకలు. ఒళ్లంతా జిడ్డు. గడ్డం కింద, తోక మీద నల్లటి చుక్కలు

ఇది రోగం కాదు. మామూలు పిల్లిలో ఈ నూనె బొచ్చుకు పట్టి, అది నాకేటప్పుడు పోతుంది. ఇక్కడ చర్మం మీదే పేరుకుని, దుమ్ముతో కలిసి మరకవుతుంది. రంధ్రాలు మూసుకుపోతే నల్లచుక్కలు, ఆ తర్వాత మొటిమలు వస్తాయి.

వారం పది రోజులకు ఒకసారి గోరువెచ్చని నీళ్లతో, పిల్లుల షాంపూతో స్నానం చేయించండి. రోజూ వద్దు, చర్మం ఎండిపోయి పొట్టు లేస్తుంది. మెడ దగ్గర, చంకల్లో, పొట్ట కింద మడతలు విప్పి కడగాలి. గోళ్ల మొదళ్లలో నల్లగా పేరుకునే మురికిని మెత్తటి తడిగుడ్డతో తీయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉంటే చివరి విడత మంజీరా (మున్సిపల్ కుళాయి) నీళ్లతో కడగండి. షాంపూ ఏమాత్రం మిగిలినా పిల్లి దాన్ని నాకుతుంది. కడిగిన వెంటనే టవల్‌తో అద్ది ఆరబెట్టండి. వానాకాలంలో మడతల్లో తడి నిలిస్తే ఈస్ట్ అనే ఫంగస్ పెరిగి పుల్లటి వాసన వస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లు "ఒళ్లు పొడిబారింది, కాస్త కొబ్బరినూనె రాయమ్మా" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ అసలు ఇబ్బందే నూనె ఎక్కువై వచ్చింది. సున్నిపిండి కూడా వద్దు, ఆ గరుకుకు ఈ చర్మం గీసుకుపోతుంది. ఫినాయిల్‌తో ఇల్లు తుడిచాక నేల పూర్తిగా ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి. పాదాలకు అంటింది నాకితే, ఫినాల్ రకం మందులు పిల్లి కాలేయానికి విషం.

చెవిలో గోధుమరంగు గులిమి

చెవిలో వెంట్రుకలు లేవు కాబట్టి గులిమి ఎక్కువగా చేరుతుంది. వారానికోసారి, పిల్లుల కోసం అమ్మే ఇయర్ క్లీనర్‌తో దూది తడిపి, కనిపించేంతవరకే తుడవండి. ఇయర్‌బడ్ లోపలికి పెట్టొద్దు. గులిమి కాఫీపొడిలా నల్లగా పొడిపొడిగా ఉండి, పిల్లి తల విదిలిస్తూ గీరుకుంటుంటే అవి చెవి పురుగులు కావచ్చు. దుర్వాసన, చీము ఉంటే ఇన్‌ఫెక్షన్. రెండింటికీ వెట్ (పశువుల డాక్టరు) దగ్గరికే. కళ్లలో పుసులు కూడా ఇలాంటివే. తేటగా ఉంటే రోజూ తడిగుడ్డతో తుడిస్తే చాలు. పచ్చగా మారినా, కన్ను సగం మూసి ఉంచినా ఆలస్యం చేయొద్దు.

చర్మం మీద ఎర్రటి మచ్చలు

ఇక్కడే తొందరపాటు ఎక్కువ. చూడగానే మెడికల్ షాపుకు వెళ్లి ఏదో ట్యూబు తెస్తారు. మచ్చ ఎక్కడుంది, ఎలా ఉందన్నది ముందు చూడండి.

వీపు మీద, చెవి కొసల్లో, ముక్కు మీద ఎర్రగా కందితే ఎండదెబ్బ. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండకు బాల్కనీలో కాసేపు పడుకున్నా చాలు. మధ్యాహ్నం బాల్కనీ తలుపు మూసేయడమే మందు. మన సన్‌స్క్రీన్ రాయకండి. వాటిలో ఉండే జింక్ ఆక్సైడ్, శాలిసిలేట్లు నాకితే పిల్లికి హాని చేస్తాయి.

గుండ్రంగా, అంచు పొట్టుపొట్టుగా ఉండి, రోజురోజుకూ పెద్దదవుతూ, ఇంట్లో పిల్లల చేతి మీద కూడా దురద మచ్చ వస్తే తామర అనుకోండి. ఇది పిల్లి నుంచి మనిషికి అంటుతుంది. వెట్ పొట్టు తీసి పరీక్ష చేయించి నిర్ధారిస్తారు. షాపుల్లో దొరికే తామర క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఎరుపు తగ్గినట్టు అనిపిస్తుంది, లోపల ఫంగస్ ఇంకా పాకుతుంది.

చిన్నచిన్న బొడిపెలు వరసలుగా లేచి, దురదతో మచ్చలుగా మిగిలిపోతే అది స్ఫింక్స్, డెవాన్ రెక్స్ జాతుల్లో కనిపించే అర్టికేరియా పిగ్మెంటోసా అనే చర్మవ్యాధి కావచ్చు. ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు, డాక్టరే చూడాలి. దోమకాటు దద్దుర్లు మాత్రం వాటంతటవే తగ్గుతాయి, కిటికీలకు జాలీ వేయించండి. కుక్కలకు వాడే పేలమందు చుక్కల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే, అది పిల్లి ప్రాణం తీస్తుంది.

వణుకుతూ సెట్‌టాప్ బాక్స్ ఎక్కి కూర్చోవడం, విపరీతంగా తినడం

ఒంటి వేడి నిలుపుకునే బొచ్చు లేదు, కాబట్టి వేడి కోసం ఎక్కువ తింటుంది. ఇది జబ్బు కాదు. తిండి తగ్గించొద్దు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కాటన్ చొక్కా, గది మూలలో దుప్పటి పరిచిన అట్టపెట్టె సరిపోతాయి. హాట్ వాటర్ బ్యాగ్ పెడితే గుడ్డ చుట్టి పెట్టండి, ఈ చర్మం ఇట్టే కాలుతుంది. వేసవిలో ఏసీ 18లో పెట్టుకుని పడుకునే ఇళ్లలో మే నెలలోనూ పిల్లి వణుకుతుంది. ఏసీ గాలి నేరుగా తగలని చోట పడక వేయండి.

తాకితే వేడిగా ఉందని జ్వరమనుకోకండి. పిల్లి మామూలు ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల చుట్టూ ఉంటుంది, మధ్యలో బొచ్చు లేదు కనుక మన చేతికి నేరుగా తెలుస్తుంది. మనుషుల పారాసెటమాల్ ఒక్క ముక్క కూడా వేయొద్దు. ఒక్క మాత్రతోనే పిల్లులు చనిపోతాయి.

బొచ్చు లేకపోయినా ఇంట్లో వాళ్లకు తుమ్ములు

ఎలర్జీ తెప్పించే ప్రోటీన్ పిల్లి లాలాజలంలో, చర్మపు నూనెలో ఉంటుంది. ఈ జాతి తెచ్చుకుంటే ఎలర్జీ ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. కొనేముందే ఆ పిల్లితో కొన్ని గంటలు గడిపి చూడండి.

చర్మం శుభ్రంగా ఉంది, కానీ ఆడట్లేదు, ఊపిరి వేగంగా తీస్తోంది

నాకు అన్నిటికంటే భయం దీనిమీదే. స్ఫింక్స్‌లో గుండె కండరం మందమయ్యే జబ్బు, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ, వంశపారంపర్యంగా రావచ్చు. పైకి ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. నిమిషానికి 30 దాటుతూ ఉంటే వెట్‌ను కలవాలి. నోరు తెరిచి రొప్పితే, ఎండ వల్లేమో అని ఆగకుండా వెళ్లండి. ఉన్నట్టుండి వెనక కాళ్లు పడిపోయి, చల్లబడి, నొప్పితో అరిస్తే గుండెలోంచి వెళ్లిన రక్తపుగడ్డ అడ్డుపడి ఉండవచ్చు. అది అత్యవసరం.

ఏడాదికొకసారి గుండెకు ఎకో స్కాన్ చేయించడం మంచిది, కూనను కొనేముందు తల్లిదండ్రుల స్కాన్ రిపోర్టు అడగండి. చూపించలేకపోతే ఆ కూన వద్దనుకోవడమే నయం. నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని, రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ నంబరు కూడా ఒకటి దగ్గర పెట్టుకోండి. బయల్దేరే ముందు పిల్లి ఊపిరి తీసే తీరును అరనిమిషం ఫోన్‌లో వీడియో తీసి పెట్టండి. క్లినిక్‌లో బెదిరిపోయి ఊపిరి వేగం మారినా, ఇంట్లో ఎలా ఉందో డాక్టరుకు చూపించవచ్చు.