పాడి కొట్టానికి సెలవు రోజు: పనులు సర్దుకునే తీరు

పాడి ఉన్న ఇంట్లో పూర్తి సెలవు కుదరదు. రెండు పూటలా పాలు తీయాల్సిందే. కానీ ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా కొట్టం పని లేకుండా గడపొచ్చు. ఎండ దేశాల్లో పశువుకు కావలసిందీ అదే. పాలిచ్చే ఆవు రోజుకు 12 నుంచి 14 గంటలు పడుకోవాలి, ఏడెనిమిది గంటలు నెమరు వేయాలి. మిట్టమధ్యాహ్నం మనం అటూ ఇటూ తిరుగుతూ లేపుతుంటే దాని విశ్రాంతీ చెడుతుంది, మనదీ చెడుతుంది.

మొదట ఏ రోజు సెలవు తీసుకోవాలో ఎంచుకోవాలి. చూడి పశువు పొదుగు దించి, తోక మొదలుకు రెండు పక్కలా గుంటలు పడి ఉంటే ఇవాళో రేపో ఈనుతుంది, ఆ రోజు వద్దు. ఈనిన మొదటి మూడు రోజులూ వద్దు. ఎక్కువ పాలిచ్చే పశువు కాల్షియం తగ్గి కూలబడేది ఎక్కువగా అప్పుడే. మేత మార్చిన వారం, టీకా వేసిన మర్నాడు కూడా వదిలేయండి.

మిగతాదంతా ముందు రోజు సాయంత్రం చేసే పని మీదే ఆధారపడి ఉంటుంది. పెద్ద పశువుకు రోజుకు పచ్చిమేత 25 నుంచి 30 కిలోలు, ఎండుమేత నాలుగైదు కిలోలు లెక్క వేసుకోండి. పచ్చిగడ్డి ముందే కోసి తెచ్చుకోవచ్చు కానీ ముందే నరికి కుప్ప పోయకూడదు. ముక్కలైన గడ్డి కుప్పలో కొన్ని గంటల్లోనే వేడెక్కుతుంది. మంచుతోనో వానతోనో తడిసినదైతే ఇంకా తొందరగా. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే పాడవడం మొదలైనట్టే, పశువు మూతి పెట్టి వదిలేస్తుంది. మోపులు విప్పి నీడలో నిలబెట్టి, ఉదయం ఆ రోజుకు కావలసినంతే నరకడం మేలు. ముందే నరకక తప్పకపోతే బెత్తెడు మందం మించకుండా పరిచి ఉంచాలి. పాతర గడ్డి (గాలి తగలకుండా పాతరేసి మాగబెట్టిన మేత, సైలేజీ) వాడేవాళ్లు మాత్రం ముందు రోజు తీసి పెట్టుకోవద్దు, గాలి తగిలితే అదీ వేడెక్కుతుంది.

దాణా ఏ పశువుకు ఆ పశువుకు తూచి, పూటకో సంచి చొప్పున కట్టి పెట్టండి. పోషణకు కిలోన్నర, ఆపైన ఆవుకైతే ప్రతి రెండున్నర లీటర్ల పాలకు, గేదెకైతే ప్రతి రెండు లీటర్లకు ఒక కిలో. సెలవు రోజు చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది: సాయంత్రం పని తప్పించుకుందామని రెండు పూటల దాణా ఉదయమే పోసేస్తారు. పొట్టలో ఆమ్లం పెరిగి, పశువు మేత మానేసి పారుకుంటుంది. సెలవు పేరుతో ప్రత్యేకంగా ఏదైనా తినిపించడం కూడా ఇలాంటిదే. మనకు పండగైనా దానికి రోజూ తినే మేతే కావాలి.

నీళ్ల దగ్గర పిసినారితనం పనికిరాదు. పాలిచ్చే పశువు వేడి రోజుల్లో 70 నుంచి 100 లీటర్లు, బాగా పాలిస్తుంటే అంతకన్నా ఎక్కువ తాగుతుంది. తొట్టికి ఫ్లోట్ వాల్వ్ (నీళ్లు తగ్గితే తెరుచుకుని, నిండగానే మూసుకునే కుళాయి) ఉంటే ముందు రోజే సగం నీళ్లు తోడేసి, మళ్లీ నిండేదాకా అక్కడే నిలబడి చూడండి. ఇసుక రేణువు అడ్డుపడ్డా ఫ్లోట్ బిగుసుకుపోతుంది. కరెంటు పోయినా సరిపోయేలా పది పశువులకు తాగడానికే వెయ్యి లీటర్లు పైతొట్టిలో ఉండాలి.

పాలు తీసే వేళ అరగంట అటూ ఇటూ అయితే నష్టం లేదు. ఒక పూట పూర్తిగా మానేస్తే మాత్రం పొదుగు బిగుసుకుంటుంది, పాలు తగ్గుతాయి, పొదుగువాపుకు దారి పడుతుంది. తీసిన వెంటనే చనుమొనల్ని మందు ద్రావణంలో ముంచి, గాడిలో మేత వేయండి. మేస్తూ అరగంట నిలబడితే ఈలోపు చనురంధ్రం మూసుకుంటుంది. అప్పుడే పేడ మీద పడుకుంటే చేసిందంతా వృథా. ఆ రోజు వేరేవాళ్లు తీసేట్టయితే రెండు మూడు రోజుల ముందు నుంచే వాళ్లను పక్కన కూర్చోబెట్టాలి. కొత్త చెయ్యి పడితే చేపని (పాలు పొదుగులోకి వదలని) పశువులు చాలానే ఉంటాయి, గేదెలు మరీను.

ఉదయం పాలను తర్వాత చూద్దాంలే అని క్యాన్లో వదలొద్దు. రెండు గంటల్లోపు 4 డిగ్రీలకు చల్లబరచండి, లేదా అప్పటికప్పుడే పంపేయండి.

పేడ ఉదయం ఒక్కసారి శుభ్రంగా ఎత్తేస్తే నాలుగింటి దాకా ఆగుతుంది. నేల కడిగితే నీరు నిలవకుండా వార్చేయండి. వీలుంటే పశువుల్ని నీడ, నీళ్లు ఉన్న కంచె లోపల విడిచిపెట్టండి. పలుపుతో కట్టిన పశువు ఎండ మీదికొస్తే పక్కకు జరగలేకపోతుంది, ఎవరో ఒకరు పోయి మార్చి కట్టాలి. ఇంతకు మించి విశ్రాంతి చెడగొట్టేది ఇంకొకటి లేదు.

గేదెకు చెమట గ్రంథులు తక్కువ, చర్మం నలుపు. మడుగు లేకపోతే మధ్యాహ్నం ఒంటిమీద నీళ్లు పడాలి. టైమర్ ఉంటే రెండు నిమిషాలు తడిపి, పది పన్నెండు నిమిషాలు ఫ్యాన్ గాలి. ఉక్కపోత ఉన్నచోట గాలి లేకుండా తడిపితే లాభం లేదు, కొట్టంలో తేమ పెరిగి ఇంకా ఆయాసపడతాయి.

ఒంటిగంటప్పుడు ఐదు నిమిషాలు దూరం నుంచి చూస్తే చాలు. ఊపిరికి డొక్క ఎన్నిసార్లు కదులుతోందో లెక్కపెట్టండి: నిమిషానికి 60 దాటితే వేడి తట్టుకోలేకపోతోందని అర్థం. నోరు తెరిచి, నాలుక చాపి, చొంగ కారుస్తుంటే వెంటనే నీళ్లు పోసి గాలి పెట్టాలి. పడుకున్నవాటిలో సగమైనా నెమరు వేస్తూ కనిపించాలి. ఒకటి విడిగా నిలబడి, నెమరు లేక, ఎడమ డొక్క ఉబ్బి ఉంటే పశువైద్యుణ్ని పిలవండి, సెలవు సంగతి తర్వాత.

పనుల తొందర లేని రోజు కాబట్టి ఎద కనిపెట్టడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. చల్లపూట, ఉదయం అరగంట, సాయంత్రం అరగంట ఊరికే కూర్చుని చూడండి. ఉదయం ఎదకు వచ్చినట్టు తేలితే సాయంత్రం, సాయంత్రమైతే మర్నాడు ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించాలి. గేదెలు పైకెక్కడం, అరవడం తక్కువ. మానం నుంచి తీగలుగా జారే జిగురు, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు తగ్గడం గమనించాలి.

ఇంటిల్లిపాదికీ ఒకేసారి సెలవు కుదరదు. ఉదయం పూట ఒకరిది, సాయంత్రం పూట ఇంకొకరిది అని పంచుకోండి. లేకపోతే రోజూ తెల్లవారుజామున లేచే మనిషే ఆ రోజూ లేవాల్సి వస్తుంది. సాయంత్రం పాల మిషన్ కడగడం మాత్రం ఎవరి వంతైనా వాయిదా వేయొద్దు. తీసిన వెంటనే గోరువెచ్చని నీళ్లు పారించాలి. పాల పొర రబ్బరు లైనర్లలో (చన్నులకు తగిలించే గొట్టాల్లో) ఎండిపోతే తర్వాత ఎంత వేడినీళ్లు పోసినా ఒక పట్టాన వదలదు.