ఓపీ లైన్లో ముందు ఎవరు? పీహెచ్‌సీలో నర్స్ ట్రయాజ్ పెట్టుకోవడం ఇలా

సోమవారం పొద్దున చాలా పీహెచ్‌సీల్లో కనిపించేది ఇదే. డాక్టర్ ఒక్కరే ఉంటారు, బీపీ మాత్రల కోసం వచ్చిన పెద్దాయన లైన్లో ముందుంటాడు, డొక్కలు ఎగరేస్తున్న బిడ్డను ఎత్తుకున్న తల్లి ముప్పై మంది వెనక నిలబడి ఉంటుంది. ఆ తల్లిని ముందుకు పిలవడమే ట్రయాజ్. ఆ పని స్టాఫ్ నర్స్ చేతిలో పెట్టండి.

చీటీల కౌంటర్ పక్కనే ఒక టేబుల్ వేసి బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, థర్మామీటర్, గ్లూకోమీటర్, సెకన్ల ముల్లున్న గడియారం పెట్టుకోండి. కానీ కూర్చునే ముందు లైన్ పొడవునా ఒకసారి నడవండి, ఎందుకంటే నిజంగా బాగోలేనివాళ్ళు చాలాసార్లు నోరు తెరిచి అడగరు, గోడకు చేరగిలబడి ఉంటారు.

ఎవర్ని ఆపకుండా లోపలికి పంపాలో డాక్టర్‌తో కూర్చుని రాసుకుని గోడకు అంటించండి. పసిపిల్లల్లో పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, మగత. దగ్గు ఉన్న బిడ్డకు ఊపిరి నిమిషమంతా లెక్కపెట్టాలి: రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40, అంతకన్నా ఎక్కువున్నా వేగంగా ఉన్నట్టే. ఏడుస్తున్నప్పుడు ఆ లెక్క పనికిరాదు, తల్లి ఒళ్ళో కుదుటపడనివ్వండి. గర్భిణికి బీపీ 140/90 ఉండి తలనొప్పి, చూపు మసక అంటే ఆగకండి, రక్తస్రావమైతే బీపీ చూసేదాకా కూడా వద్దు. పాము కరిచిందంటే గాటు కనిపించకపోయినా నమ్మండి, కట్లపాము గాటు చాలాసార్లు కంటికి ఆనదు. షుగర్ ఉన్నవాళ్ళు "గ్యాస్ పట్టేసిందమ్మా" అని ఛాతీ రుద్దుకుంటుంటే పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, ఆ మాట విని గ్యాస్ మాత్ర ఇచ్చి పంపొద్దు.

ఇక రద్దీ సంగతి. ట్రయాజ్ పెడితే జనం తగ్గిపోతారని ఆశపడకండి. బ్రిటన్‌లో 42 క్లినిక్కుల్లో చేసిన ట్రయల్ 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ రోజే డాక్టర్ని చూడాలని అడిగినవాళ్ళతో నర్సులు ముందు ఫోన్లో మాట్లాడితే, 28 రోజుల్లో వాళ్ళు క్లినిక్‌ను సంప్రదించడం మామూలు పద్ధతి కంటే 48 శాతం ఎక్కువైంది. అందరినీ అడిగి మళ్ళీ అందరినీ డాక్టర్ దగ్గరికే పంపితే మీరు కట్టింది ఇంకో లైన్, అంతే. కాబట్టి నర్స్ దగ్గరే పూర్తయ్యే పనులు కొన్ని ఉండాలి: డ్రెస్సింగ్, బీపీ అదుపులో ఉన్నవాళ్ళకు పాత మాత్రలే మళ్ళీ ఇప్పించడం లాంటివి. వీటికి డాక్టర్ సంతకంతో రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి, నోటిమాట మీద చేస్తే రేపు ఏదైనా అయితే నర్సే ఇరుక్కుంటుంది, అది అన్యాయం.

కూర్చోబెట్టినవాళ్ళను అరగంటకోసారి మళ్ళీ చూడండి, జ్వరం బిడ్డ ఈలోపు మగతలోకి జారిపోవచ్చు.

గొడవలు తప్పవు. "మేం ఏడింటికే వచ్చాం" అని ఎవరైనా కేకలేస్తే రూల్ చెప్పకండి, బిడ్డను చూపించండి: "పెద్దయ్యా, పాపకి ఊపిరి ఆడట్లేదు, మీ చీటీ నా దగ్గరే ఉంది, ఈ పాప తర్వాత మీరే."