తారు వేసి చేతులు దులుపుకోకండి: వీధి రోడ్డు పని చివరిదాకా పూర్తి చేయడం ఎలా

తారు పోసి, రోలర్ తిప్పి, నలుగురూ నిలబడి ఫొటోలు దిగేసరికి పని అయిపోయిందనే అనుకుంటారు అందరూ. నిజానికి గుంతలున్నన్నాళ్లూ బండ్లు వాటంతటవే నెమ్మదిగా వెళ్లేవి, ఇప్పుడు నున్నగా అయ్యాక అదే వీధిలో దూసుకుపోతాయి. గీతల్లేకుండా, క్రాసింగుల్లేకుండా, కాలిబాట సరిచేయకుండా తారు ఒక్కటే వేస్తే నడిచేవాళ్లకు ఆ వీధి పాతదానికంటే ప్రమాదం. అందుకే తారు పని, భద్రత పని రెండూ ఒకే ఎస్టిమేట్‌లో, ఒకే షెడ్యూల్‌లో ఉండాలి. భద్రత పనులు తర్వాత చూద్దాంలే అని విడదీశారంటే అవి ఇక జరగవు.

పని మొదలుకాక ముందే వేగం కొలవండి. సగటు వేగం సరిపోదు, 100 బండ్లలో 85 ఏ వేగానికి లోపల వెళ్తున్నాయో ఆ అంకె కావాలి. ప్రమాదాలు ఏ మూల దగ్గర, ఏ వేళల్లో జరిగాయో పోలీసు రికార్డుల నుంచి తీసుకోండి. రేపు పని అయ్యాక ఫలితం ఏమిటని ఎవరైనా అడిగితే చూపించడానికి ఉండేవి ఈ అంకెలే.

తర్వాత నేల కింది సంగతి. నీళ్ల పైపులు, డ్రైనేజీ, గ్యాస్, కేబుళ్లు... ఈ విభాగాలన్నీ ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉంటాయి. తారు వేసిన రెండో నెలలోనే పైపు మార్చాలని ఎవరో ఒకరు వచ్చి తవ్వేస్తారు. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి, ఈ వీధిలో మీకు పనులుంటే ఇప్పుడే కానివ్వండి, ఫలానా తేదీ తర్వాత తవ్వకానికి అనుమతి ఉండదు అని రాతపూర్వకంగా చెప్పండి. చాలా నగరాల్లో కొత్తగా వేసిన రోడ్డును కొన్నేళ్ల పాటు తవ్వకూడదనే నిబంధన ఉంటుంది. మీ దగ్గర ఉంటే దాన్ని గట్టిగా వాడండి, లేకపోతే కనీసం ఒక తీర్మానమైనా చేయించండి. పాత మురుగు పైపుల్లోకి కెమెరా పంపి చూడటం కూడా ఈ దశలోనే జరగాలి.

ఇక డిజైన్. ప్రమాదంలో దెబ్బ ఎంత పడుతుందో తేల్చేది వేగమే: గంటకు 30 కిలోమీటర్ల నుంచి 50కి వెళ్తే ఢీకొనే శక్తి సుమారు 2.8 రెట్లు అవుతుంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 మించకూడదని రోడ్డు భద్రతపై 2020లో జరిగిన అంతర్జాతీయ సమావేశం చేసిన స్టాక్‌హోమ్ ప్రకటన చెప్పింది కూడా అందుకే. బోర్డు పెట్టినంత మాత్రాన ఎవరూ నెమ్మదించరు, వీధి ఆకారమే నెమ్మదింపజేయాలి. లేన్ల వెడల్పు 3-3.3 మీటర్లకు తగ్గించడం, మలుపుల దగ్గర కర్బును, అంటే కాలిబాట అంచు రాళ్లను, ముందుకు జరిపి బండ్లు మెల్లగా తిరిగేలా మూలను బిగించడం, క్రాసింగును కాలిబాట ఎత్తుకు లేపడం, వెడల్పు రోడ్డు మధ్యలో నడిచేవాళ్లు ఆగడానికి కనీసం 1.8 మీటర్ల దిమ్మె కట్టడం బాగా పనిచేస్తాయి. క్రాసింగుకు ముందు కొన్ని మీటర్ల మేర పార్కింగ్ తీసేస్తే, ఆగి ఉన్న బండి చాటు నుంచి పిల్లలు హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చే పరిస్థితి తప్పుతుంది. దుకాణాల వాళ్లు గొడవ పెడతారు, సహజం. సామాను దించుకోవడానికి వేరే చోటు చూపిస్తే సగం గొడవ చల్లారుతుంది. కాలిబాట నుంచి దిగే ర్యాంపు వాలు 1:12 (12 అడుగుల పొడవుకు 1 అడుగు ఎత్తు) మించకూడదు, దాని చివర చూపు లేనివాళ్ల కాలికి తగిలేలా బుడిపెల పలకలు ఉండాలి.

కర్బులు, ర్యాంపులు, దిమ్మెలు, డ్రెయిన్లు, అంటే కాంక్రీటు పనంతా పై పొర తారుకు ముందే అయిపోవాలి. వరస తిరగబడితే కొత్త తారు అంచులు కోసి మళ్లీ అతుకులు వేయాల్సి వస్తుంది.

పాత తారు మీదే కొత్త పొర వేసుకుంటూ పోతే రోడ్డు ఎత్తు పెరిగిపోయి, కర్బు మునిగి, వాననీళ్లు ఇళ్లలోకి వస్తాయి. కాబట్టి మిల్లింగ్ మెషీన్‌తో పాత పొర గీకించండి. గీకే ముందు ప్రతి మ్యాన్‌హోల్, వాల్వ్ మూత ఎక్కడుందో కర్బు మీద పెయింటుతో గుర్తు పెట్టించండి. తారు పరిచే యంత్రం (పేవర్) వెళ్లాక అవి తారు కింద కనపడకుండా పోతాయి, ఆ గుర్తులు లేకపోతే తర్వాత వెతుక్కోవాల్సిందే. గీకాక పగుళ్లు ఎక్కువగా ఉన్న చోట, నేల మెత్తగా ఉన్న చోట పునాది వరకూ తవ్వి సరిచేయాలి, పైన ఎంత మంచి పొర వేసినా అడుగు కదిలితే పైది మూణ్నాళ్ల ముచ్చటే.

తారు వేసే రోజు దగ్గరుండి చూడాల్సినవి కొన్నున్నాయి. దుమ్ము పూర్తిగా ఊడ్చాకే టాక్ కోట్, అంటే కొత్త పొర పాతదానికి అతుక్కునేలా చేసే పలుచని పూత, చల్లాలి. దానికి వాడే ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) చల్లినప్పుడు గోధుమరంగులో ఉంటుంది, నీరు విడిపోయాక నల్లబడుతుంది. నల్లబడకముందే పేవర్ తోలేసే తొందర ఎక్కువ మందికి ఉంటుంది, ఆపండి. పొర మందం అందులోని పెద్ద కంకర సైజుకు కనీసం 3 రెట్లు ఉండాలి. హాట్ మిక్స్ (వేడి తారు, కంకర మిశ్రమం) సుమారు 80 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లారాక రోలర్ ఎంత తిప్పినా పెద్దగా అణగదు, అందుకని థర్మామీటర్ చేతిలో ఉంచుకోండి. లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వస్తే ఆ సరుకు కొలిచి చూశాకే పోయనివ్వండి. అణిచాక పొరలో గాలి ఖాళీలు 8 శాతం దాటితే నీళ్లు లోపలికి దిగుతాయి, పొరలోంచి గుండ్రటి ముక్క (కోర్) కోసి తీసి పరీక్షించాలి. రోడ్డు పొడవునా వచ్చే అతుకు లేన్ గీత మీద పడేలా చూడండి, చక్రాలు తిరిగే దారిలో పడకూడదు. వాన పడుతుంటే పని వాయిదా వేయడమే, టెన్షన్ పడి లాభం లేదు.

గీతలకు వారాలు ఆగకండి. రోడ్డు తెరిచిన రోజు సాయంత్రానికే తాత్కాలిక గీతలైనా, ముఖ్యంగా క్రాసింగుల దగ్గర, ఉండాలి. తర్వాత కరిగించి వేసే థర్మోప్లాస్టిక్ గీతల మీద వెలుగుకు మెరిసే గాజు పూసలు చల్లారో లేదో రాత్రి హెడ్‌లైట్ వేసి చూస్తే తెలిసిపోతుంది.

చివరి బిల్లు మీద సంతకం పెట్టే ముందు వీధి మొత్తం నడవండి, పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. ట్యాంకరుతో నీళ్లు వదిలి ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి, ర్యాంపు కింద నిలిచిందంటే చక్రాల కుర్చీలో వచ్చే మనిషి నేరుగా ఆ నీళ్లలోకే దిగాలి. 3 మీటర్ల తిన్నటి బద్దను మ్యాన్‌హోల్ మూతల మీద పెట్టి ఎత్తుపల్లాలు చూడండి, మూత మీద బండి వెళ్తే టకటకమంటే ఫ్రేము సరిగా కూర్చోలేదని అర్థం. చక్రాల కుర్చీ వాడేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను వెంట తీసుకెళ్లండి, ఇంజనీర్ల కంటికి ఆననివి వాళ్లకు వెంటనే తెలుస్తాయి. లోపాలన్నీ ఫొటోలతో రాసుకుని, అవి సరయ్యేదాకా కొంత డబ్బు ఆపండి. కొత్త పైపులు, కేబుళ్లు నిజంగా ఎక్కడ వేశారో ఆ డ్రాయింగులు చేతికి వచ్చాకే ఫైలు మూయండి.

కొన్ని నెలలయ్యాక మొదట కొలిచిన చోటే మళ్లీ వేగం కొలవండి. తగ్గకపోతే ఆ చోట క్రాసింగును ఇంకాస్త లేపడమో, మరో మలుపు బిగించడమో మిగిలే ఉంటుంది, దానికి నిధులు మొదట్లోనే కొంచెం పక్కన పెట్టుకోండి. గ్యారంటీ కాలం ముగియడానికి నెలా రెండు నెలల ముందు మరోసారి నడిచి, కుంగిన చోట్లు, విప్పుకున్న అతుకులు, చెరిగిన గీతలు జాబితా రాసి కాంట్రాక్టరుకు ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోవడం మర్చిపోకండి.