నంది హిల్స్ దిగేటప్పుడు చొక్కాలో పాత పేపరు

బెంగళూరు నుంచి సైకిల్ మీద నంది హిల్స్‌కి బయల్దేరే మనవాళ్లందరి టెన్షనూ ఎక్కడం గురించే. ఎక్కడానిదేముంది, ఆయాసపడుతూ ఎలాగో ఎక్కేస్తాం. అసలు ఇబ్బంది దిగేటప్పుడే. పైన ఎత్తు 1,478 మీటర్లు. పొద్దున్నే చెమటతో తడిసిన చొక్కాకి ఎదురుగాలి కొడితే వణుకు పుడుతుంది, వేళ్లు కొయ్యబారి బ్రేకు కూడా సరిగా పట్టుకోలేం. మొదటిసారి నా పళ్లు టకటకలాడాయి.

అందుకే దిగే ముందు పాత న్యూస్‌పేపర్ నాలుగు పేజీలు మడిచి చొక్కా లోపల, ఛాతీ మీద పెట్టుకోండి. గాలిని ఆపుతుంది, చెమట పీలుస్తుంది, జర్కిన్ మోసే పని లేదు. కింద టిఫిన్ దగ్గర తీసి పారేయొచ్చు (చెత్తబుట్టలోనే సుమా).

ఇంకోటి, బ్రేకు అదేపనిగా నొక్కి పట్టుకోకండి. రిమ్ వేడెక్కి ట్యూబు పేలొచ్చు. మలుపు రాకముందే రెండు బ్రేకులూ వేసి వేగం తగ్గించుకోండి.

కిందికొచ్చాక వెంటనే హైవే ఎక్కకుండా ద్రాక్షతోటల వైపు ఓ చుట్టు తిరగండి. బెంగళూరు బ్లూ ద్రాక్ష పండేది ఇక్కడే. మన నెల్లూరు దాకా వచ్చే పెన్న పుట్టేదీ ఈ కొండల్లోనే.