అడ్వాన్సులో కోత పడిందా? తాళంచెవులు ఏ రోజు ఎవరికి ఇచ్చారు?

ఇల్లు ఖాళీ చేశారు, అడ్వాన్సు సగమే తిరిగి వచ్చింది. యజమానితో గొడవకు దిగే ముందు అగ్రిమెంటు తీసి చదవండి. సలహా అడగడానికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ కాగితం ఎక్కడుందో కూడా తెలియదు.

సమస్య: రంగులకని ఒక నెల అద్దె పట్టుకున్నారు.

అగ్రిమెంటులో ఆ షరతు ఉండి, కింద మీ సంతకం ఉంటే వాదన అక్కడితో సరి. లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ చూపించండి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెదారు నెత్తిన పడదు. నాలుగేళ్లలో వెలిసిన గోడ అరుగుదలే. పిల్లలు బొమ్మలు గీసిన గోడ కాదు.

సమస్య: నోటీసు ఇవ్వలేదని కోశారు.

అగ్రిమెంటులో ఎంత గడువుంటే అంత. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకు చట్టం చెప్పేది 15 రోజులు, అదీ రాతపూర్వకంగా. మెట్ల దగ్గర కనిపించినప్పుడు చెప్పిన మాట నోటీసు కాదు.

సమస్య: ఖాళీ చేశాక కూడా అద్దె లెక్కగట్టారు.

ఇక్కడ నేనే దెబ్బతిన్నాను. యజమాని అమెరికాలో ఉంటారు. 30వ తేదీన సామాను లారీ ఎక్కించి, తాళంచెవులు వాచ్‌మన్ చేతిలో పెట్టి వచ్చేశాను. యజమాని బావమరిది వాటిని తీసుకున్నది 14న. అర నెల అద్దె, ఆ మధ్యలో పగిలిన గీజరు పైపు, రెండూ నా ఖాతాలోకే. సామాను వెళ్లిపోతే ఇల్లు ఖాళీ అయిందని మనం అనుకుంటాం. చట్టం మాత్రం ఇంటిని యజమానికి స్వాధీనం చేశారా అని చూస్తుంది. వాచ్‌మన్ యజమాని మనిషా, అపార్ట్‌మెంటు సంఘం జీతగాడా అన్న దగ్గరే చిక్కంతా.

"వాచ్‌మన్‌కు ఇచ్చేయండి" అని యజమాని పంపిన వాట్సాప్ సందేశం ఉంటే మీ పని సగం అయినట్టే. ఫోనులో మాత్రమే అన్నారా? "మీరు ఫలానా రోజు చెప్పినట్టే తాళంచెవులు ఇచ్చాను" అని ఇవాళే రాసి పంపండి. తర్వాత టులెట్ ప్రకటనలు వెతకండి. నన్ను బయటపడేసినవి అవే. 4వ తేదీనే ఖాళీ గదుల ఫొటోలు పెట్టారు. ఇల్లు వాళ్ల చేతికి రాకుండా తలుపు ఎవరు తీశారని అడిగాను. పది రోజుల అద్దె, పైపు డబ్బు వెనక్కి వచ్చాయి.

ఈసారి ఖాళీ చేసేటప్పుడు మీటరు రీడింగు, తాళంచెవులు ఒకే ఫొటోలో తీసి పంపండి. "అందాయి" అన్న జవాబు వచ్చాకే లారీ ఎక్కండి.

ఇల్లు అమ్ముడుపోయి, అడ్వాన్సు సంగతి తనకు తెలియదని కొత్త యజమాని అనడం లాంటివి అరుదు. అవి వకీలు చూసుకోవలసినవి.

పోలీసుల దగ్గరకు వెళితే సివిల్ వ్యవహారం అని పంపేస్తారు. ముందు ఖర్చుల బిల్లులు చూపించమని రాతలో అడగండి. జవాబు రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. లోక్ అదాలత్‌లో రాజీకి కోర్టు ఫీజు ఉండదు. అక్కడా తేలకపోతే దావా వేయడానికి గడువు మూడేళ్లు.