ప్రీపెయిడ్ ట్యూషన్ ప్లాన్ కొన్నారు సరే, కాలేజీ బిల్లొచ్చాక ఎలా వాడుకోవాలి

మా పెద్దమ్మాయి కాలేజీలో చేరిన ఏడాది ఆగస్టు మొదటి వారంలో స్టూడెంట్ అకౌంట్ ఓపెన్ చేసి చూస్తే ట్యూషన్ మొత్తం మేమే కట్టాలన్నట్టు బిల్లు వచ్చి కూర్చుంది. తను చిన్నగా ఉన్నప్పుడే, ట్యూషన్ ముందే కొనిపెట్టుకునే టెక్సాస్ రాష్ట్ర ప్రీపెయిడ్ ప్లాన్, టెక్సాస్ ట్యూషన్ ప్రామిస్ ఫండ్‌లో యూనిట్లు తీసుకుని నెలనెలా కడుతూ వచ్చాం కదా, ఇక ఆ డబ్బులు వాటంతటవే కాలేజీకి వెళ్ళిపోతాయిలే అనుకున్నాం నేనూ మా ఆయనా. వెళ్ళవండి. మనం చెప్తేనే వెళ్తాయి, అదీ రెండు చోట్ల చెప్పాలి, ఆ సంగతి తెలిసేసరికి గడువు వారం రోజులే ఉంది, అటు ప్లాన్ వాళ్ళకి ఫోన్లు ఇటు కాలేజీకి ఫోన్లు, మధ్యలో క్లాసులు డ్రాప్ చేసేస్తారేమో అని పిల్ల ఏడుపు. ఇంకో ఇంట్లో అలా కాకూడదని ఇది రాస్తున్నా. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది దగ్గర ఈ ప్లాన్ ఉంది, కొనేటప్పుడు అందరూ మాట్లాడుకుంటారు, వాడేటప్పుడు ఏం చెయ్యాలో ఎవ్వరూ చెప్పరు.

ముందు ఇది ఏంటో మనసులో సరిగ్గా పెట్టుకోవాలి. 529 అంటే కాలేజీ చదువుకోసం టాక్స్ లాభంతో డబ్బు దాచుకునే ప్లాన్. 529 అనగానే అందరికీ సేవింగ్స్ అకౌంటే గుర్తొస్తుంది, మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు పెరుగుతుంది, పిల్లలు కాలేజీకెళ్ళాక తీసి కడతాం. ప్రీపెయిడ్ అది కాదు. కోతల టైమ్‌లో ఏడాదికి సరిపడా బియ్యం కొని ఇంట్లో వేసుకున్నట్టు అన్నమాట. ఆ రోజు రేటుకి కొన్నాం, తర్వాత బజార్లో ఎంత పెరిగినా మన బస్తాలు మనవే. మన దగ్గర ఉన్నది డాలర్లు కాదు, చదువు గంటలు. ఇది గుర్తుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

టెక్సాస్‌లో యూనిట్లు మూడు రకాలు. టైప్ 1 అంటే రాష్ట్రంలో అన్నిటికన్నా ఖరీదైన పబ్లిక్ యూనివర్సిటీ రేటు, టైప్ 2 అంటే నాలుగేళ్ళ పబ్లిక్ యూనివర్సిటీల సగటు రేటు, టైప్ 3 అంటే కమ్యూనిటీ కాలేజీల సగటు. ఏ రకమైనా 100 యూనిట్లంటే ఆ రేటున్న చోట ఒక ఏడాది, అంటే 30 క్రెడిట్ అవర్స్. టైప్ 1 ఉన్నవాళ్ళు తక్కువ రేటున్న యూనివర్సిటీలో చేరితే 30 గంటలకి 100 కంటే తక్కువే ఖర్చవుతాయి, మిగిలినవి అకౌంట్‌లోనే ఉంటాయి. అదే టైప్ 2 కొనుక్కుని ఖరీదైన కాలేజీకెళ్తే అదే 30 గంటలకి 100 కన్నా ఎక్కువ యూనిట్లు పోతాయి, చివరి ఏడాదికొచ్చేసరికి చాలకపోవచ్చు, అప్పుడు చేతి డబ్బు కట్టాలి. మీ దగ్గర ఏ టైప్ ఎన్ని ఉన్నాయో లాగిన్ అయి ఇవాళే చూసుకోండి, చాలామందికి గుర్తే ఉండదు.

ఇవి కవర్ చేసేది అండర్‌గ్రాడ్ రెసిడెంట్ ట్యూషన్ (టెక్సాస్‌వాళ్ళకి ఉండే రేటు), కాలేజీ అందరి దగ్గరా తప్పనిసరిగా వసూలు చేసే ఫీజులు, అంతే. హాస్టల్, మీల్ ప్లాన్, పుస్తకాలు, పార్కింగ్, ఫలానా కోర్సుకి మాత్రమే ఉండే ల్యాబ్ ఫీజు లాంటివి మనవే. ఇంటికి దూరంగా చదివే పిల్లలకి ఉండటం, తినటం ఖర్చు ట్యూషన్‌కి సమానంగానో ఇంకా ఎక్కువగానో అవుతుంది కాబట్టి దానికోసం పక్కన మామూలు 529 సేవింగ్స్ ఉంటే మంచిది. హాఫ్ టైమ్ కన్నా తక్కువ కాకుండా చదువుతుంటే హాస్టల్, తిండి ఖర్చు కూడా సేవింగ్స్ 529 లోంచి టాక్స్ లేకుండా తీసుకోవచ్చు, బయట అపార్ట్‌మెంట్‌లో ఉన్నా సరే, కాకపోతే కాలేజీ తన కాస్ట్ ఆఫ్ అటెండెన్స్‌లో, అంటే ఏడాది చదువుకి అయ్యే మొత్తం ఖర్చు అంచనాలో, వాటికి వేసిన అంకె దాటకూడదు.

ఇంకో రూల్, కొన్న యూనిట్లు 3 ఏళ్ళు ఆగాకే వాడుకోవాలి. పిల్ల 11వ గ్రేడ్‌లో ఉండగా కొన్నవి ఫ్రెష్‌మన్ ఇయర్‌కి అక్కరకి రావు, తర్వాతి ఏళ్ళకే. అందుకే పాతవి ఏ ఏడాది కొన్నారో రాసి పెట్టుకోండి.

ఇక అసలు పని. హైస్కూల్ సీనియర్ ఇయర్‌లో అడ్మిషన్ ఖాయమయ్యాక, అంటే మే నెలలో డిపాజిట్ కట్టేసిన వెంటనే మొదలుపెట్టాలి, ఆగస్టు దాకా ఆగకూడదు. మొదట ప్లాన్ వాళ్ళకి, ఫలానా కాలేజీలో ఫలానా సెమిస్టర్ నుంచి యూనిట్లు వాడుతున్నాం అని తెలియజెయ్యాలి, ఇది అకౌంట్ ఓనర్ చెయ్యాలి, పిల్లలు చెయ్యలేరు. పిల్ల పేరు కాలేజీ రికార్డులో ఎలా ఉందో ప్లాన్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మన పేర్లతో ఇదో పెద్ద గొడవ, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందొకటి, ఎస్సెస్సెన్ (సోషల్ సెక్యూరిటీ) కార్డులో వెనకొకటి, ఫస్ట్ నేమ్‌లో రెండు ముక్కలు, మా అమ్మాయికి సగం ఆలస్యం దీనివల్లే అయింది. కాలేజీ వాళ్ళిచ్చిన స్టూడెంట్ ఐడీ నంబర్ చేతికి రాగానే ముందు ఈ పేరు సరిచూసుకోండి.

రెండోది కాలేజీకి చెప్పడం. బర్సర్ ఆఫీస్ అనో స్టూడెంట్ అకౌంట్స్ అనో ఉంటుంది, వాళ్ళ దగ్గర బయటి సంస్థ కట్టే బిల్లులు చూసే మనిషి ఒకరు ఉంటారు, ఆ మనిషిని పట్టుకోవాలి. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీస్‌కి చెప్పాం కదా అని ఊరుకుంటే సరిపోదు, మేం చేసిన తప్పు అదే. కాలేజీ రికార్డులో ఈ స్టూడెంట్‌కి ప్రీపెయిడ్ ప్లాన్ ఉందని ఎక్కిస్తే వాళ్ళు నేరుగా ప్లాన్‌కి బిల్లు పంపి డబ్బు తెప్పించుకుంటారు, మన బిల్లులో ఆ మేరకి తగ్గుతుంది. ప్లాన్ నుంచి డబ్బు వచ్చేది సెమిస్టర్ మొదలయ్యాక కావచ్చు, అందుకని గడువు తేదీలోపు మన అకౌంట్‌లో ఆ మొత్తం ప్లాన్ నుంచి రాబోతోందన్న గుర్తో అంచనా క్రెడిట్టో కనపడుతోందా అని చూసుకోవాలి, కనపడకపోతే ఈమెయిల్ రాసి జవాబు కాపీ దాచుకోండి. ఫోన్లో చెప్పినమాట గొడవొచ్చినప్పుడు పనికిరాదు. కొన్ని కాలేజీల్లో ప్రతి సెమిస్టర్‌కి మళ్ళీ చెప్పాలి, కొన్నిట్లో ఏడాదికోసారి, మీది ఏదో మొదటిసారే అడిగేయండి.

స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లలకి దీంట్లో ఒక మెలిక ఉంది, శ్రద్ధగా చదవండి. ట్యూషన్‌కే వాడాలని షరతు ఉన్న స్కాలర్‌షిప్ అయితే ముందు అది పడాలి, మిగిలినదానికే యూనిట్లు పోవాలి. కాలేజీ సిస్టమ్ ముందు ప్లాన్‌కి మొత్తం బిల్లు పంపేసిందనుకోండి, స్కాలర్‌షిప్ డబ్బు పడటానికి ట్యూషన్ మిగలదు, కొన్ని స్కాలర్‌షిప్‌లు అప్పుడు తగ్గించేస్తారు. అదే హాస్టల్‌కి కూడా వాడుకోగలిగే స్కాలర్‌షిప్ అయితే రివర్స్, ట్యూషన్‌కి యూనిట్లు పోనిచ్చి స్కాలర్‌షిప్‌ని హాస్టల్ ఖర్చులకి మళ్ళించండి. ఏది ముందు పడాలో బర్సర్ ఆఫీస్‌కి రాతపూర్వకంగా చెప్పండి.

ఇప్పుడు మన ఇళ్ళల్లో తరచూ వచ్చే పరిస్థితి ఒకటి. హైస్కూల్లోనే పిల్లలు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలూ, కాలేజీ క్రెడిట్ కూడా వచ్చే డ్యూయల్ క్రెడిట్ కోర్సులూ చేసి 30, 40 గంటలతో కాలేజీలో అడుగుపెడుతున్నారు. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ఏపీలో 3 వచ్చినా చాలా కోర్సులకి క్రెడిట్ ఇస్తారు. డిగ్రీకి 120 గంటలైతే 30 గంటలు ముందే వచ్చేస్తే మిగిలేది 90, అంటే ఖరీదైన యూనివర్సిటీలో కూడా టైప్ 1 యూనిట్లు 300 చాలు, 400 కొన్నవాళ్ళకి 100 మిగులుతాయి. ఇంకా కొనబోతున్నవాళ్ళు అందుకే నాలుగేళ్ళకీ కొనకుండా రెండున్నర మూడేళ్ళకి సరిపడా కొని, మిగతా డబ్బు సేవింగ్స్ 529 లో వేసుకుంటే మేలని నా అభిప్రాయం. ఇప్పటికే కొన్నవాళ్ళు కంగారుపడక్కర్లేదు, మిగిలినవి తమ్ముడికో చెల్లికో మార్చుకోవచ్చు. ఫెడరల్ టాక్స్ రూల్ ప్రకారం ఫస్ట్ కజిన్స్ కూడా కుటుంబమే, అంటే బాబాయి పిల్లలు, మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు అందరూ వస్తారు. ప్లాన్ రెసిడెన్సీ రూల్ ఆ బిడ్డకి సరిపోతుందా అన్నది మాత్రం మార్చేముందు అడగండి. హైస్కూల్ అయ్యాక 10 ఏళ్ళ లోపల వాడుకోవాలన్న గడువు కూడా ఉంది, మిలిటరీలో చేరితే ఆ కాలం లెక్కలోకి రాదు.

పిల్ల వేరే రాష్ట్రానికి వెళ్తానంటే? ఇక్కడే చాలామంది గుండె జారిపోతుంది. డబ్బు పోదు, కానీ లెక్క మారిపోతుంది. టెక్సాస్ ప్లాన్‌లో ప్రైవేట్ కాలేజీకైనా బయటి రాష్ట్రానికైనా ట్రాన్స్‌ఫర్ వేల్యూ అని ఇస్తారు, అది రెండు అంకెల్లో ఏది తక్కువైతే అది. ఒకటి, అవే యూనిట్లు టెక్సాస్ పబ్లిక్ కాలేజీలో ఎంత ట్యూషన్‌కి సరిపోయేవో ఆ అంకె. రెండు, మనం కట్టిన డబ్బుకి ఫండ్ పెట్టుబడుల లాభమో నష్టమో కలిపిన అంకె. ఉదాహరణకి 10,000 డాలర్లు కట్టారు, పెట్టుబడి లాభంతో 13,000 అయింది, టెక్సాస్‌లో అయితే 15,000 విలువైన ట్యూషన్ వచ్చేది అనుకోండి, బయటికెళ్తే మీకొచ్చేది 13,000. మార్కెట్ బాగా పెరిగి 16,000 అయినా ఇచ్చేది 15,000 మాత్రమే. మన బస్తా పక్క ఊరి కొట్లో మారకానికి ఇచ్చినట్టే, వాళ్ళు కట్టిన ధరే ధర. పూర్తిగా వెనక్కి తీసుకునే రిఫండ్ లెక్క మళ్ళీ వేరు, రెండూ ఒకటే అనుకోకండి. పిల్ల బయటి కాలేజీ ఖాయం చేసుకోకముందే ఈ అంకె తెప్పించుకుని చేతిలో పెట్టుకుని అందరూ కూర్చుని మాట్లాడుకోండి, తర్వాత నీవల్లే అనుకోవాల్సిన పని ఉండదు.

వేరే రాష్ట్రాల సంగతి క్లుప్తంగా. వాషింగ్టన్‌లో గెట్ అనే ప్లాన్, అక్కడ కూడా 100 యూనిట్లు ఒక ఏడాది, ఆగాల్సింది 2 ఏళ్ళు. ఫ్లోరిడా ప్రీపెయిడ్ 1988 నుంచి నడుస్తోంది, ఆ రెండిటికీ రాష్ట్రం హామీ ఉంది. ఇప్పటి టెక్సాస్ ఫండ్‌కి అలాంటి పూర్తి ప్రభుత్వ హామీ లేదు, 1996 లో మొదలైన పాత టెక్సాస్ ప్లాన్‌కి ఉండేది, 2003 లో యూనివర్సిటీలు తమ ట్యూషన్ తామే పెట్టుకోవచ్చని చట్టం మారాక దాంట్లో కొత్త చేరికలు ఆపేశారు, 2008 లో ఈ కొత్తది వచ్చింది. కాలిఫోర్నియా, న్యూజెర్సీలో ప్రీపెయిడ్ ప్లానే లేదు, అక్కడివాళ్ళకి ఏ రాష్ట్రంలో ఉన్నా చేరగలిగే ప్రైవేట్ కాలేజ్ 529 ఉంది, స్టాన్‌ఫర్డ్, ప్రిన్స్‌టన్, రైస్ లాంటివి అందులో ఉన్నాయి, అదీ 3 ఏళ్ళు ఆగాకే. పిల్ల ఆ లిస్టులో కాలేజీకి వెళ్ళకపోతే తిరిగిచ్చే డబ్బులో లాభం ఏడాదికి 2 శాతానికి మించదు. ఇండియాలో మెడిసిన్ చదివిద్దాం అనుకునేవాళ్ళు ముందు ఆ కాలేజీకి ఫెడరల్ స్కూల్ కోడ్ (అమెరికా ప్రభుత్వ విద్యార్థి సాయానికి గుర్తింపు ఉన్న కాలేజీలకిచ్చే నంబర్) ఉందో లేదో చూడండి, లేకపోతే అక్కడ కట్టిన ఫీజు క్వాలిఫైడ్ ఖర్చు (529 లోంచి టాక్స్ లేకుండా కట్టగలిగేది) కింద రాదు, లాభం మీద ఇన్‌కమ్ టాక్స్, పైన 10 శాతం పెనాల్టీ పడతాయి.

ఫాఫ్సా, అంటే కాలేజీ ఆర్థిక సాయానికి పెట్టే ఫెడరల్ దరఖాస్తు, నింపేటప్పుడు ప్రీపెయిడ్ ప్లాన్‌ని పేరెంట్ ఆస్తిగా చూపాలి, రిఫండ్ వేల్యూ రాయాలి. పేరెంట్ ఆస్తి కాబట్టి మనం చదువుకి కట్టగలమని వాళ్ళు వేసే లెక్కలో పడేది దాంట్లో మహా అయితే 5.64 శాతం, దానికి భయపడి దాచాల్సిన పనే లేదు.

టాక్స్ దగ్గర ఇంకొకటి. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అని కాలేజీ ఖర్చు మీద ఇచ్చే టాక్స్ తగ్గింపు ఏడాదికి 2,500 డాలర్ల దాకా వస్తుంది, 4,000 డాలర్ల చదువు ఖర్చు 529 కాకుండా మన జేబులోంచి కట్టి ఉండాలి. యూనిట్లతో ట్యూషన్ మొత్తం కట్టేస్తే ఆ 4,000 చూపించడానికి పుస్తకాలు తప్ప ఏమీ మిగలదు. అందుకని ఆ అర్హత ఉన్నవాళ్ళు కొన్ని గంటలకి యూనిట్లు ఆపి చేతి డబ్బు కట్టే వీలుందా అని ప్లాన్‌నీ కాలేజీనీ అడగండి. జాయింట్‌గా ఫైల్ చేసేవాళ్ళకి ఆదాయం 1,60,000 దాటితే ఇది తగ్గుతూ 1,80,000 కి పూర్తిగా పోతుంది, ఇద్దరూ ఐటీలో ఉన్న ఇళ్ళకి చాలావరకు రాదు, వాళ్ళు ఈ పేరా వదిలెయ్యొచ్చు. స్కాలర్‌షిప్ వల్ల యూనిట్లు మిగిలి రిఫండ్ తీసుకుంటే స్కాలర్‌షిప్ అంత మొత్తం వరకు 10 శాతం పెనాల్టీ ఉండదు, లాభం మీద మామూలు టాక్స్ మాత్రం ఉంటుంది.

ఏడాది చివరయ్యాక 529 లోంచి ఎంత బయటికెళ్ళిందో చూపించే 1099-క్యూ అనే కాగితం వస్తుంది, ప్లాన్ నేరుగా కాలేజీకి కట్టింది కాబట్టి పిల్ల పేరుమీదే వస్తుంది. మా ఇంట్లో అది చూసి టాక్స్ కట్టాలేమోనని హడలిపోయాం. కట్టక్కర్లేదు, ప్లాన్ కట్టింది ట్యూషన్‌కే అని చూపించగలిగితే చాలు. అందుకే ప్రతి సెమిస్టర్ బిల్లు పీడీఎఫ్ దించుకుని, కట్టిన ట్యూషన్ చూపిస్తూ కాలేజీ ఇచ్చే 1098-టీ తో పాటు ఒకే ఫోల్డర్లో పెట్టుకోండి, పిల్లలు కాలేజీ నుంచి బయటికొచ్చాక ఆ లాగిన్ పనిచెయ్యకపోవచ్చు.